నీ ఇష్టం

"వాస్ ఇస్ట్ డైన్ లీబ్లింగ్స్‌ఎసెన్?" నీకు అన్నిటికన్నా ఇష్టమైన తిండి ఏది? జర్మన్‌లో ‘నువ్వు’ అనుకునేవాళ్లు ఇలా అడుగుతారు. ‘మీరు’ అయితే ‘డైన్’ స్థానంలో ‘ఈర్’ వస్తుంది. ‘లీబ్లింగ్స్’ పక్కన ‘బూఖ్’ చేరిస్తే ఇష్టమైన పుస్తకం. రంగుకు ‘ఫార్బె’; అది స్త్రీలింగం కనుక ‘డైన్’ కాస్తా ‘డైనె’ అవుతుంది.

తాటిపాకలో మా పిన్ని కూతురు ఈ పాఠం వల్లిస్తోంది. 2007 నుంచి, కొన్ని మినహాయింపులు తప్ప, జర్మనీలో ఉన్న భర్త దగ్గరకు వెళ్లాలంటే వీసాకి ముందే ఏ1 స్థాయి భాష రావాలి. అదే ప్రశ్న తను తెలుగులో వాళ్లమ్మని అడిగింది. "మీ నాన్నకి పనసపొట్టు కూర, తమ్ముడికి చేపల పులుసు" అంది పిన్ని. "మరి నీకో?" "నాకేముందే, ఏదైనా ఒకటే."

ఇష్టం ఏర్పడాలంటే ఎంచుకునే వీలుండాలి. తెలుగులో మనకి ‘నీ ఇష్టం’ అనే మాట ఉంది గానీ, ఆడవాళ్లు దాన్ని ఎక్కువగా వినేది వాదన ముగిసేటప్పుడే. అందులో అడగడం ఉండదు. రేపేమైనా జరిగితే బాధ్యత నీదేననడం ఉంటుంది.

చెల్లెలికి ఇప్పుడు తన రంగు, తిండి, పుస్తకం గురించి జర్మన్‌లో చెప్పడం వచ్చింది. ఈ ప్రయాణం ఇష్టమేనా అని మాత్రం ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను అడిగాను. "వెళ్లాలి కదక్కా" అంది.