గళ్లలో చిక్కుకున్న డాక్టర్ ఫిల్

న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపే స్టామ్‌ఫర్డ్ వచ్చేస్తుంది. కనెక్టికట్ రాష్ట్రంలో ఎత్తైన ఆఫీసు భవనాల ఊరు. పనిగట్టుకుని వెళ్లి చూసేంత వింతలేమీ లేవక్కడ. కానీ గళ్లనుడికట్టు పిచ్చి ఉన్న అమెరికన్లకు మాత్రం అదో పుణ్యక్షేత్రం! స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోని మారియట్ హోటల్లో 1978లో విల్ షార్ట్జ్ అనే పాతికేళ్ల కుర్రాడు ఈ పోటీని మొదలుపెట్టాడు. న్యూయార్క్ టైమ్స్ పజిళ్ల సంపాదకుడు అయింది తర్వాతి సంగతి.

పొడవాటి బల్లలు, పక్కవాళ్ల కాగితం కనపడకుండా మధ్యలో అట్టలు, ఎదురుగా గడియారం... అచ్చం పరీక్ష హాలే. మొత్తం ఏడు పజిళ్లు. నింపేసినవాళ్లు చెయ్యెత్తాలి. మిగిల్చిన ప్రతి నిమిషానికీ అదనపు మార్కులు!

2008 నుంచి కొన్నేళ్లు ఈ సందడంతా బ్రూక్లిన్‌కి మారింది. 2012లో అక్కడికో వింత పోటీదారు వచ్చింది. పేరు డాక్టర్ ఫిల్. మాట్ గిన్స్‌బర్గ్ రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం. ఆధారం చదివి అర్థం చేసుకుంటుందా? అబ్బే! పాత పజిళ్ల ఆధారాలూ జవాబులూ గుట్టలుగా దాని దగ్గరుంటాయి. కుదిరే మాటలన్నిటికీ మార్కులేసి, అడ్డం మాట నిలువుతో పొసగకపోతే తీసేసి ఇంకోటి పెడుతుంది. అమెరికన్ పజిల్లో ప్రతి గడీ ఒక అడ్డం మాటలోనూ ఒక నిలువు మాటలోనూ ఉంటుంది. దాని బలమంతా అదే. మన తెలుగు పజిళ్లలో చాలా గళ్లకు ఆ తోడుండదు. పైగా అక్కడ గడికి 26 అక్షరాలే. మనకో... గుణింతాలూ ఒత్తులూ కలిపి మీరే లెక్కేసుకోండి.

ఆ ఏడాది ఒక పజిల్లో కొన్ని మాటల్ని తిరగేసి రాయాలి. మరో దాంట్లో ఐమూలగా రాయాలి. మనిషైతే కాసేపు బుర్ర గోక్కుని ‘ఓహో, ఇదా సంగతి’ అనుకుంటాడు. డాక్టర్ ఫిల్ అక్కడే బోల్తా పడింది. దాదాపు 600 మందిలో 141వ స్థానం!

2021లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డాన్ క్లైన్ బృందం జత కలిసింది. ఆధారంలోని మాటల తీరును బట్టి జవాబు ఊహించే న్యూరల్ నెట్‌వర్క్ వాళ్లది. ఈసారి 12,825 మార్కులు. మనుషుల్లో మొదటివాడికన్నా 15 ఎక్కువ. తప్పులు లేకపోలేదు, వేగమే గట్టెక్కించింది. బహుమతి మాత్రం మనుషులకే, కంప్యూటర్‌ది లెక్కలోకి రాని పోటీ.

చిత్రమేమిటంటే, అది నెగ్గిన ఏడాది అసలు హాలే లేదు. కరోనా వల్ల అందరూ ఇళ్లలోనే కూర్చుని ఆన్‌లైన్‌లో ఆడారు. 2022లో స్టామ్‌ఫర్డ్ హాల్లో మళ్లీ బల్లలు వేశారు. మధ్యలో అట్టలు, చేతుల్లో పెన్సిళ్లు, రబ్బర్లు.