వేటపాలెంలో ఓ పూట

చీరాల పక్కనే వేటపాలెం. జీడిపప్పుకీ చేనేతకీ పేరున్న ఊరు. నిన్న అక్కడి సారస్వత నికేతనంలో ఓ పూట గడిపి వచ్చాను. మనసు ఇంకా అక్కడే ఉంది.

1918లో పుట్టిన గ్రంథాలయం ఇది. 1929లో గాంధీగారి చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన జరిగింది. ఆయన చేతికర్రను ఈ ఊరు ఇప్పటికీ భద్రంగా దాచుకుంది.

పాత పత్రికల బైండు ఒకటి బల్లమీద పెట్టుకుని, అంచులు చిట్లిపోకుండా రెండు చేతులతో మెల్లగా పేజీలు తిప్పాను. కాగితం తేనెరంగుకి తిరిగింది. ఓ వార్త పక్కన ఎవరో ఎప్పుడో గీసిన పెన్సిల్ గీత. పక్క బల్ల దగ్గర ఓ పెద్దాయన కళ్లజోడు పంచె చెంగుతో తుడుచుకుని ఆ రోజు పేపరు చదువుతున్నారు. ఈ పేపరూ రేపు ఎవరికో చరిత్రే కదా అనిపించింది.

ఇంత చిన్న ఊరు ఇన్నేళ్లుగా ఇన్ని పుస్తకాలను కాపాడుకుంటూ వస్తోంది. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు. కోటలూ గుళ్లే కాదు, ఇదీ మన వారసత్వమే.

మీ ఊళ్లో గ్రంథాలయం ఉంటే పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక్కసారి వెళ్లండి. అటకమీద తాతలనాటి పుస్తకాలుంటే దయచేసి తూకానికి అమ్మెయ్యకండి. చదివేవాళ్లకి చేర్చండి.