మా నాయనమ్మ చెప్పిన ‘రంగం గుంట’

రీల్స్ తిప్పుతుంటే ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ మీకు కనిపించే ఉంటుంది. నెత్తిన ఈకలు, తళతళలాడే గౌను, ఒక్క క్షణం కూడా ఆగని కాళ్లు. షోలేలో గబ్బర్ సింగ్ డేరా ముందు మంట చుట్టూ తిరుగుతూ డాన్స్ చేసేది కూడా ఆవిడే. పేరు హెలెన్. సల్మాన్ ఖాన్‌కి సవతి తల్లి అంటే కొందరికి చటుక్కున వెలుగుతుంది.

మా ఇంట్లో మాత్రం ఆవిడకి ఇంకో పేరుంది. ‘రంగం గుంట’.

మా శ్రీకాకుళం వైపు గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. ఇక రంగం అంటే రంగూన్, అదే బర్మా దేశపు పాత రాజధాని. ఆదివారం పొద్దున టీవీలో రంగోలి వస్తుంటే, హెలెన్ పాట పడితే చాలు, మా నాయనమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేసేది. “ఒరే గుంటడా, సౌండు పెట్టు. మన రంగం గుంట వొచ్చింది” అనేది. పాట అయ్యేదాకా నిలబడే చూసేది. ఒకసారి అడిగాను, “ఆవిడ మనకేటవుద్దే?” అని. “ఏటీ అవదు. మనలాగే నడిసొచ్చింది” అంది. మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంకేమీ అడగలేదు కూడా. నాయనమ్మ పోయాక అడగాలనిపించింది. అందుకే పోయిన నెల ఓ ఆదివారం బండి తీసి కళింగపట్నం వెళ్లాను.

కళింగపట్నం: ఇప్పుడు బీచ్, అప్పుడు రేవు

శ్రీకాకుళం నుంచి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. పొద్దున్నే బయల్దేరితే దారిలో శాలిహుండం కూడా చూసేయొచ్చు. వంశధార ఒడ్డున కొండ మీద పాత బౌద్ధ స్తూపాలున్నాయి. పైకెక్కితే ఏరు, పొలాలు, దూరంగా సముద్రం అన్నీ కనిపిస్తాయి. కొండ దిగి ఇంకాస్త ముందుకెళ్తే వంశధార సముద్రంలో కలిసేచోటు వస్తుంది. అదే కళింగపట్నం.

ఇప్పుడక్కడ సెల్ఫీలు దిగే జనం, ఇసుకలో పడవలు, వలలు బాగుచేసుకునే మత్స్యకారులు, పక్కన లైట్‌హౌస్. ఒకప్పుడిది పెద్ద రేవు. కలకత్తా నుంచి మద్రాసు దాకా తీరం వెంట తిరిగే బ్రిటిష్ స్టీమర్లు ఇక్కడా, సోంపేట దగ్గర బారువలోనూ, అటు భీమునిపట్నంలోనూ లంగరు వేసేవి. ఓడ ఒడ్డు దాకా రాలేదు కాబట్టి జనం చిన్న పడవల్లో అలల మీద వెళ్లి ఎక్కేవారు. ఎక్కి ఎక్కడికి? ఎక్కువమంది రంగానికే.

ఒడ్డున వల అల్లుకుంటున్న ఒక తాత దగ్గర కూర్చున్నాను. మా వైపు పలకరింపు ఎలా ఉంటుందో తెలుసు కదా. “ఎవలి తాలూకా బాబూ?” అన్నాడు. చెప్పాను. మా నాయనమ్మ వాళ్లు రంగం నుంచి వచ్చారన్నాను. “అబ్బో, ఈ ఒడ్డు మీద ఏ ఇంట్లో అడిగినా ఓ రంగం కత ఉంటాది. సెప్పీవోలే నేరు” అని నవ్వేశాడు.

మన కూలీల రంగం

రంగం ఎందుకు వెళ్లేవాళ్లు? కడుపు కోసమే. కరవు, అప్పు, వానాధార పొలం. మేస్త్రీ వచ్చి కొంత అడ్వాన్స్ చేతిలో పెట్టేవాడు. అక్కడికెళ్లి ఆ అప్పు తీరేదాకా పని. రంగూన్ రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం. పాత రికార్డుల్లో వీళ్లది గంజాం జిల్లా, విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. ఎందుకంటే శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. అప్పటి గంజాం, విశాఖల్లోని చాలా ఊళ్లే ఇప్పటి మన ఊళ్లు.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అనేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైనే. రంగూన్ నగరంలోనైతే సగానికి మించి మనవాళ్లే. ‘రంగూన్ రౌడీ’ అని తెలుగులో నాటకమే ఆడేవారంటే ఆ ఊరు మన జనానికి ఎంత దగ్గరో ఊహించుకోండి.

అయితే అక్కడ బతుకు పూలపాన్పు కాదు. 1930 మేలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ల స్థానంలో కంపెనీలు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తేలగానే ఆ బర్మా కూలీలను పొమ్మన్నాయి. ఆ కోపం మన కూలీల మీద విరుచుకుపడింది. చాలామంది తెలుగువాళ్లు ఆ అల్లర్లలో చనిపోయారు.

నడక

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చికల్లా నగరం జపాన్ చేతికి చిక్కింది. ఓడల్లో, విమానాల్లో చోటు ముందు తెల్లవాళ్లకి, డబ్బున్నవాళ్లకి. రేవు కూలీలు వెళ్లిపోతే పని ఆగిపోతుందని మొదట్లో వాళ్లను కదలనివ్వలేదు. చివరికి జనం నడక మొదలెట్టారు. ఒక దారి ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు. ఇంకో దారి మణిపూర్ మీదుగా. మూడోది, అన్నిటికంటే కష్టమైనది, ఉత్తరాన అడవుల్లోంచి అస్సాం వైపు. సుమారు 5 లక్షలమంది ఇలా ఇండియా చేరారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి... దారిలో పోయినవాళ్లు వేలల్లో. వాళ్ల పేర్లు ఎవరూ రాసి పెట్టుకోలేదు.

మా నాయనమ్మకి అప్పుడు ఏడేళ్లు. ఆవిడ ఎప్పుడైనా చెప్పింది మూడే ముక్కలు. కాళ్లకి జలగలు పట్టేవి. పచ్చి బియ్యం నమిలారు. బయల్దేరినప్పుడు తమ్ముడున్నాడు. అంతే. మూడో ముక్క తర్వాత ఎప్పుడూ ఆగిపోయేది.

అదే అడవిలో ఇంకో పిల్ల

ఇప్పుడు హెలెన్ దగ్గరికి వద్దాం. హెలెన్ 1938 నవంబర్ 21న రంగూన్‌లో పుట్టింది. తండ్రి ఆంగ్లో ఇండియన్, తల్లి బర్మా ఆవిడ. తండ్రి యుద్ధ కాలంలో పోయాడు. 1943లో తల్లి పిల్లల్ని తీసుకుని ఒక గుంపుతో కలిసి అస్సాం వైపు నడిచింది. హెలెన్‌కి అప్పటికి ఐదేళ్లు కూడా నిండలేదు.

తర్వాత 1964లో ఫిల్మ్‌ఫేర్ పత్రికకి ఆమె ఆ సంగతులు చెప్పింది. చేతిలో పైసా లేదు. దారిలో పల్లెల వాళ్లు పెట్టిందే తిండి. తల్లికి దారిలోనే గర్భస్రావం అయింది. దిబ్రూగఢ్ చేరేసరికి గుంపులో సగంమందే మిగిలారు. ఆసుపత్రిలో చేర్చేటప్పటికి తల్లీకూతుళ్లు ఎముకల గూళ్లలా ఉన్నారు. రెండు నెలలు అక్కడే. తర్వాత కలకత్తా, ఆపైన బొంబాయి.

ఈ ఇంటర్వ్యూ విషయమే మా తాతయ్య ఏదో సినిమా పత్రికలో చదివి నాయనమ్మకి చెప్పాడట. ఆవిడకి హెలెన్ సొంతమనిషి అయిపోయింది అప్పట్నుంచే. ఇద్దరూ నడిచిన దారి ఒకటి కాకపోవచ్చు. అడవి మాత్రం ఒకటే, భయమూ ఒకటే.

బొంబాయిలో ‘విదేశీ’

బొంబాయిలో తల్లి నర్సుగా పనిచేసింది. ఆ జీతం చాలక హెలెన్ చదువు ఆగిపోయింది. కుటుంబానికి తెలిసిన ఆంగ్లో ఇండియన్ డాన్సర్ కుక్కూ ఆమెను సినిమాల్లోకి తీసుకెళ్లింది. 1951లో షబిస్తాన్, ఆవారా సినిమాల్లో గుంపు డాన్సుల్లో ఒకతె. పదమూడేళ్లు కూడా లేవు. ఆ పనే ఇల్లు నడిపింది.

19 ఏళ్ల వయసులో హౌరా బ్రిడ్జ్ (1958) వచ్చింది. గీతా దత్ పాడిన ‘చిన్ చిన్ చూ’ పాటలో ఆమెది చైనా అమ్మాయి వేషం. కథ జరిగేది కలకత్తాలో. పదిహేనేళ్ల కిందట బక్కచిక్కిన శరణార్థి పిల్లగా ఆమె దిగిన ఊరే అది. ఈసారి దేశమంతా ఆమె పేరు తెలుసుకుంది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు క్లబ్ డాన్స్ అంటే హెలెనే. గుమ్నామ్, తీస్రీ మంజిల్, కారవాన్, షోలే, డాన్... వందల సినిమాలు. కానీ ఒకటి గమనించండి. ఎప్పుడూ ఆమె పేరు కిట్టీ, లిల్లీ, మోనికా లాంటిదే. ఎప్పుడూ చైనా, స్పెయిన్, అరబ్ వేషమే. హీరోని ప్రేమిస్తుంది, చివర్లో చచ్చిపోతుంది, లేదా తప్పుకుంటుంది. పెళ్లి మాత్రం హీరోయిన్‌కే. మన తెలుగులో జ్యోతిలక్ష్మికి, సిల్క్ స్మితకి దాదాపు ఇదే లెక్క కదా. జనం విజిల్స్ వేస్తారు, ఇంటి కోడలి పాత్ర మాత్రం ఇవ్వరు.

70ల్లో డబ్బు కష్టాలొచ్చాయి, అవకాశాలు తగ్గాయి. అప్పుడు రచయిత సలీం ఖాన్ తను రాసే సినిమాల్లో ఆమెకి పాత్రలు ఇప్పించాడు. 1979లో వచ్చిన లహూ కే దో రంగ్‌లో డాన్స్‌కి కాకుండా నటనకి ఫిల్మ్‌ఫేర్ అవార్డు, ఉత్తమ సహాయ నటిగా. 1981లో సలీం ఖాన్‌తో పెళ్లి. 2009లో పద్మశ్రీ. కాలినడకన దేశంలోకి వచ్చిన పిల్లకి దేశం పెట్టిన దండ అది.

ఎవరు పరాయి?

ఇక్కడే నాకు నాయనమ్మ మాట అర్థమైంది. రంగం నుంచి తిరిగొచ్చిన మనవాళ్లని సొంత ఊళ్లోనే ‘బర్మావోళ్లు’ అన్నారు. అక్కడ కోరంగీలు, ఇక్కడ బర్మావోళ్లు. మా నాయనమ్మకి పెళ్లయి మనవలు పుట్టాక కూడా ఊళ్లో ‘బర్మా ముసిల్ది’ అనే పేరు పోలేదు. హెలెన్‌కి జీవితమంతా విదేశీ వేషాలు. ఇద్దరిదీ ఒకటే నేరం, పుట్టిన ఊరు.

ఈ కథ 1942తో అయిపోలేదు. 1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టింది. తర్వాత దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసేసరికి లక్షలమంది భారతీయులు మళ్లీ కట్టుబట్టలతో బయటపడ్డారు. ఈసారి ఓడల్లో విశాఖ, మద్రాసు రేవుల్లో దిగారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అలా పుట్టిందే. ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసి ఆ వీధుల్లో తిరిగొచ్చినవాళ్లు బస్ స్టాప్ పేరు చదివే ఉంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎంతమంది అడిగారు?

బారువలో సాయంత్రం

మధ్యాహ్నం బండి ఉత్తరానికి తిప్పాను. కొబ్బరి, జీడి తోటల ఉద్దానం దాటితే సోంపేట, అక్కణ్నుంచి బారువ. మహేంద్రతనయ సముద్రంలో కలిసేది అక్కడే. తీరానికి కాస్త దూరంలో నీళ్ల కింద చిల్కా అనే పాత ఓడ ఉంది. మునిగి వందేళ్లు దాటింది. ఇప్పుడు దాన్ని చూడ్డానికి స్కూబా డైవింగ్‌కి వస్తున్నారు. నేను దిగలేదు, ఈత రాదు. ఒడ్డున కూర్చుని ఫోన్‌లో హౌరా బ్రిడ్జ్ పాట పెట్టుకున్నాను. గాలికి సగం వినపడలేదు.

తండేల్ సినిమాలో చూశారు కదా, మన శ్రీకాకుళం మత్స్యకారులు పని కోసం గుజరాత్ దాకా వెళ్లి పాకిస్తాన్ జైల్లో పడడం. మన తీరం నుంచి జనం పొట్ట చేతబట్టుకుని వెళ్లడం కొత్తకాదు, ఆగిందీ లేదు. మూలపేటలో కొత్త పోర్టు, భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు. రేపు మనవాళ్లు ఇంకా దూరం వెళ్తారు. కొందరు తిరిగొస్తారు. అప్పుడు వాళ్లని ఏ పేరుతో పిలుస్తామో మరి.

హెలెన్ తన నడక గురించి ఒక పత్రికకి చెప్పింది కాబట్టి అది మిగిలింది. మా నాయనమ్మని ఎవరూ అడగలేదు. ఎవరో ఎందుకు, నేనే అడగలేదు. తమ్ముడి పేరేంటో కూడా ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

మీ ఇంట్లో ముసలమ్మో తాతయ్యో ఉంటే ఈ వారం ఓ గంట పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. ఏం అడగాలో తెలీకపోతే ఒక్కటే అడగండి: “నువ్వు సిన్నప్పుడు ఎక్కడుండేదానివి?”