చింతపండులోని కుడిచేయి

అరచేతులు రెండును ఒకేవైపునకు త్రిప్పి, ఒకదానిపై నొకటి నుంచి చూడుడు. వ్రేళ్లయిదే, కొలతలవే, అయినను బొటనవ్రేళ్లు ఎడమొగము పెడమొగముగనే యుండును. కుడిచేతికి అద్దములోని నీడ ఎడమచేయి. కంటికి కనబడని అణువులలోను ఇట్టి జోడులు గలవని మేము వినినది, ఉపాధ్యాయశిక్షణకై పొరుగుననున్న ఆంధ్రదేశమున వసించిన దినములలో. రసాయనశాస్త్రము చదువు మిత్రుడొకడు వసతిగృహమున రాత్రివేళ చెప్పెను. మేము తెలుగు పండితులము. ఆ శాస్త్రమున మాకు పరీక్ష లేదు. అందుచేతనే కాబోలు మరువలేదు.

చింతపండు పులుపునకు ముఖ్యకారణము టార్టారికామ్లము. ద్రాక్షలోను అదియే. కొన్ని స్ఫటికముల గుండ పోయిన వెలుతురు ఒకే తలమున కంపించును; దానిని ఈ ఆమ్లద్రావణము గుండ పంపినచో ఆ తలము కుడివైపునకు తిరుగును. ద్రవములకు ఇట్టి గుణము గలదని 1815లో కనుగొన్నవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో. అయితే అవే మూలకములు, అవే పాళ్లు గల మరియొక ఆమ్లము వెలుతురును ఏవైపునకును త్రిప్పదయ్యెను. ఇదేమి వింత?

1848లో పారిస్ నగరమున ఇరువదియైదేండ్ల లూయీ పాశ్చర్ ఆ రెండవ ఆమ్లపు లవణమును స్ఫటికములుగ పేర్చి, భూతద్దముతో పరికించెను. కొన్నింటి మూలముఖము కుడికి, కొన్నింటిది ఎడమకు వాలియుండెను. పట్టుకారుతో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పెట్టెను. ఒక కుప్ప వెలుతురును కుడికి, రెండవది ఎడమకు త్రిప్పెను. సమముగ కలిపినచో తిరుగుడే లేదు. డెబ్బదినాలుగేండ్ల బియో నమ్మక, తానే ఆమ్లమిచ్చి తన యెదుటనే చేయించి చూచి పొంగిపోయెను. ఆ లవణము సుమారు 27 డిగ్రీలకు మించిన వేడిమిలో అట్లు విడివిడిగ స్ఫటికించదు. మన వేసవిలో పాశ్చర్‌కు దొరకకపోవును!

గత సంవత్సరము చింతపండు వ్యాపారి యొకరు కుమారుని బదిలీపత్రమునకై వచ్చిరి. "అయివారూ, తెలుగులో పద్యాలొస్తాయి గాని సైన్సెట్లా వస్తుంది?" అనిరి. ఈ కథయే తెలుగున చెప్పితిమి. ఆయన సావధానముగ విని, "మా మండీలో ఆడవాళ్లు పిక్కా పండూ వేరు చేసినట్లే గదా" అనిరి. అయినను పత్రము తీసికొనియే వెడలిరి. బాలుడు మాత్రము గడపయొద్ద నిలిచి, "వెలుతురు కుడికి తిరిగితే అణువు కూడా కుడిదేనా, అయివారూ?" అని యడిగెను. తండ్రి పిలుచుచుండెను, జవాబు చెప్పుటకు వ్యవధి లేకపోయెను. ఈ పత్రిక వారి వీధికిని పోవును గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

కాదు నాయనా. వెలుతురు తిరిగిన దిక్కు అణువు రూపమును చెప్పదు. కర్బన పరమాణువు నాలుగు చేతులు నాలుగు దిక్కులకు చాచియుండుననియు, నాలుగింటను వేర్వేరు సమూహములున్నచో అద్దపు జోడు ఏర్పడుననియు 1874లో వాంట్ హాఫ్, లె బెల్ వేర్వేరుగ చెప్పిరి. ఆ జోడులో ఏది యేదియో ఎవరికిని తెలియదు. 1891లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫిషర్ ఒకదానిని ఊహగ నిర్ణయించి బొమ్మలు గీసెను. తప్పుటకును ఒప్పుటకును సమానావకాశమే. 1951లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైఫూట్, తన సహచరులతో ఎక్సు కిరణములు ప్రసరింపజేసి చూచెను. ఆయన పరీక్షించినదియు టార్టారికామ్లపు లవణమే. ఫిషర్ ఊహ సరియైనదని తేలెను. అరువదేండ్లుగ గీసిన బొమ్మలను తిరుగవేయవలసిన పని లేకపోయెను.