వెల లేని ఆట

రైలుపట్టాలకు ఒక ప్రక్క సెక్టారులు, మరొక ప్రక్క క్యాంపులు. భిలాయి పట్టణం ఈ విధంగా రెండుగా పెరిగినది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వంతో ఒడంబడిక కుదిరిన పిమ్మట దుర్గ్ జిల్లా పల్లెల పొలాలలో ఉక్కు కర్మాగారం లేచినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినారు. కట్టడపు పనికి వచ్చిన కూలీల కోసం వెలసిన బసలకు క్యాంపులని పేరు. ఆ పేరు ఇప్పటికీ తాత్కాలికమే; మనుషులు మాత్రం స్థిరపడిపోయినారు. క్యాంప్ 2 సందులలో ఛత్తీస్‌గఢీ, భోజపురి, ఒడియా, తెలుగు ఒకదానినొకటి ఒరసుకొంటూ వినిపిస్తాయి.

ఇటువంటి చోటికిగాని, దీని చుట్టునున్న పల్లెలకుగాని ఒక నృత్యబృందం వచ్చి ఉచితంగా ఆడితే దానిని నగరం చేసిన దానమని కొనియాడటం లోకరీతి. శ్రీకాకుళం నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కార్మికునికి ఈ పొగడ్త కొంత వింతగానే తోచాలి. తూర్పు భాగవతానికిగాని, తప్పెటగుళ్ళకుగాని టిక్కెట్టు కొన్న జ్ఞాపకం అతని ఊరిలో ఎవరికీ లేదు. ఛత్తీస్‌గఢ్ రైతుకు సైతం అంతే. అతని ఆట పేరు నాచా.

పంట ఇల్లు చేరిన తరువాత ఏదో ఒక పల్లె నాచా మేళాన్ని పిలుస్తుంది. బయలులో నాలుగు గుంజలు, పైన ఒక చాందినీ, చుట్టూ జనం. రాత్రి భోజనాలైన తరువాత మొదలైన ఆట తెల్లవారేదాకా సాగుతుంది. స్త్రీ వేషం కట్టిన పురుషుడు, ‘పరీ’ అని అతనికి పేరు, నర్తిస్తూ ప్రవేశిస్తాడు. ‘జోక్కడ్’ అనే హాస్యగాడు షావుకారును, పూజారిని, పట్వారీని, ఎవరినీ విడిచిపెట్టక ఎత్తిపొడుస్తాడు. భాగవతాలలోని కేతిగాణ్ణి ఎరిగినవారికి ఇతడు పరాయివాడు కాడు. పిలిచిన ఊరో, పిలిచిన ఇల్లో మేళానికి అన్నం పెట్టి సొమ్ము చెల్లించుకొంటుంది. చూచేవాడు పైసా ఇవ్వనక్కరలేదు. పొరుగూరివాడైనా సరే, గోనెపట్టా ఒకటి చంకన పెట్టుకొని వస్తే చాలు.

చూచేవానికి ఉచితమైనంత మాత్రాన ఆట ఉచితం కాదు. ఈ సంగతి తెలియాలంటే దావూ మందరాజీ జీవితం చూడాలి. రాజ్‌నాందగావ్ సమీపాన రవేలీ గ్రామంలో 1910లో పుట్టిన దులార్‌సింగ్‌కు జనం పెట్టిన పేరు అది. మాల్గుజారుల ఇల్లు, అనగా పొలమూ, శిస్తు వసూలు చేసే అధికారమూ రెండూ ఉన్న కుటుంబం. పిలిచినపూట కలిసి మరునాడు చెదరిపోయే ఆటగాళ్ళను ఆయన 1927–28 ప్రాంతంలో ఒక నిలకడ గల మేళంగా కూర్చినాడు. చికారా వాద్యం స్థానంలో హార్మోనియం ప్రవేశపెట్టినాడు. ఇరవై యేండ్లయినా నిండని కుర్రవాడు చేసిన పని ఇది! మేళం నిలిచినది, ఆస్తి నిలువలేదు. 1984లో కన్నుమూసేనాటికి ఆయన చేతిలో మిగిలినది పేదరికమే. నేడు ప్రభుత్వం ఆయన పేర పురస్కారం ఇస్తున్నది.

ఇటువంటి దావూ మరొకడు దుర్గ్ దగ్గరి బఘేరాలో పుట్టుకొచ్చినాడు. రామచంద్ర దేశ్‌ముఖ్ 1971లో పల్లెపల్లె వెదకి గాయకులను, నర్తకులను పోగుచేసి ‘చందైనీ గోందా’ను రంగం మీద నిలిపినాడు. బంతిపూవు పేరు పెట్టుకొన్న ఆ ప్రదర్శనలో కథానాయకుడు దుఖిత్ అనే రైతు. ఖుమాన్ సావ్ సంగీతం, లక్ష్మణ్ మస్తురియా పాటలు. తమ కరువే, తమ పండుగే కళ్ళయెదుట ఆడుతుంటే వేలాది రైతులు మైదానాలలో రాత్రులు జాగారం చేసినారు.

ఇదే కళ మరొక దారిన కూడ నడచినది. 1958లో హబీబ్ తన్వీర్ రాయపూర్‌లో రాత్రంతా నాచా చూచి, మదన్ నిషాద్, ఠాకుర్ రామ్ మొదలైన ఆరుగురిని ఢిల్లీకి తీసుకొనిపోయినాడు. ఆయన ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడింబరో ఉత్సవంలో బహుమానం పొందినది. పల్లె ఆటకు పట్నం పోయే దారి దొరికినందుకు సంతోషించవలసినదే. పట్నం పోయిన ఆట మరల పల్లెకు రావటానికి దారిబత్తెం ఎవరిది?

భిలాయిలో ఈ ప్రశ్నకు విచిత్రమైన సమాధానం ఒకటి దొరికినది. సత్‌నామీల పంథీ నృత్యాన్ని దేశదేశాలలో ప్రదర్శించిన దేవదాస్ బంజారే ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. పంథీ గురు ఘాసీదాస్ స్తుతి. మాందర్ మ్రోతకు మెల్లగా అడుగు కదిపి, క్రమంగా వేగం పెంచి, చివరకు ఒకరి భుజాల మీద ఒకరు నిలిచేదాకా పోయే ఆట. ఊపిరి బలం లేనివాడు ఆడలేడు. గనియారీ గ్రామంలో 1956లో పుట్టి, పదమూడవ యేట చంద్రఖురీలో పాండవానీ వినిపించి, 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్ బాయీ కూడ ఆ కర్మాగారంలోనే ఉద్యోగం చేసినది. పొలాలు తీసుకొన్న కర్మాగారమే ఆ పొలాల ఆటగాళ్ళకు నెలజీతం ఇచ్చినది. మందరాజీ భూములమ్మి మోసిన బరువును ఇక్కడ జీతపు పట్టీ మోసినది. కూచిపూడి భాగవతులకు ఊళ్ళవారు కొలిచిన ధాన్యం ఎటువంటిదో ఇదీ అటువంటిదే అనవచ్చునుగాని, ఒక భేదం ఉన్నది: ధాన్యం ఇచ్చినవాడు ఆట చూచి ఇచ్చినాడు.

కర్మాగారపు కొలువు దొరికినది ఏ కొద్దిమందికో. తక్కిన మేళగాళ్ళు నేటికీ పగలు కూలికి పోయి రాత్రి వేషం కడుతున్నారు. నాచా ముగిసేసరికి తూర్పు తెల్లబడుతుంది. జనం గోనెపట్టాలు దులుపుకొని లేస్తారు. పరీ వేషగాడు కొబ్బరినూనెతో ముఖపు రంగు తుడుచుకొని, సైకిలెక్కి మొదటి షిఫ్టు వేళకు గేటు చేరుకోవాలి. కనుబొమ్మల మధ్య బొట్టు మరక ఇంకా పూర్తిగా పోలేదు.