పేనుకు కులం తెలీదు

మా మాదిగపల్లె ఆడపిల్లలందరికీ తల దురదే. గోకి గోకి చెవుల ఎనక పుళ్లు పడేవి. చీము గట్టి జుట్టు అట్టలు కట్టేది. మెడ కింద బిళ్లలు లేచి తల తిప్పనిచ్చేవి కావు. మురికి మనుషులని ఊళ్లోవాళ్లు అనేవాళ్లు. ఊరి బావిలో మేం చేద వెయ్యకూడదు. ఎవరో దయతలిచి కడవలో పోసిందాకా నిలబడాలి. తాగటానికే చాలని ఆ నీళ్లతో అయిదుగురు పిల్లల తలలు మా అమ్మ ఎట్లా కడుగుద్ది? తలకి నూనె అంటే మాకు క్రిస్మస్ పండగే.

1984లో నేను నాలుగో తరగతి. 'మీ పేలు అందరికీ ఎక్కుతున్నాయి, ఎడంగా కూచోండే' అన్నాడు అయ్యవారు. అంతకుముందు మాత్రం కలిసి కూచున్నామా? మాది ఎప్పుడూ గోడవారే. పేను ఎగరదు, దూకదు. ఎక్కువగా తలకి తల ఆనితేనే పాకుతుంది. మమ్మల్ని ముట్టని తలలకి మా పేలెట్లా ఎక్కినయ్యి? బళ్లో చేర్చుకున్నాక ఎడం పెట్టడం కూడా నేరమేనని 1955 చట్టంలో రాసుంది. మా బడికి ఆ కాయితం రాలేదు.

అమ్మ కూలి నుంచొచ్చి గడపలో కూచుని నా తల ఒళ్లో పెట్టుకునేది. కిరసనాయిలు పుయ్యమన్నారు ఇరుగుపొరుగు. 'పొయ్యి ముందు కూచునే పిల్ల, అంటుకుంటే ఎవురు దిక్కు?' అని ఒప్పుకోలేదు. వేపాకు కాచిన నీళ్లు చల్లారాక పుళ్లు తడిపేది. ఆ చల్లదనానికి కళ్లు మూతలు పడేవి. తడిజుట్టునే పాయలు తీసి పేలదువ్వెనతో దువ్వేది. మూడురోజులకోసారి అదే పని. 'ఒక్క ఈపి మిగిలినా మళ్లీ మందవుద్దే' అనేది.

నర్సు చదువులో అదే మాట పుస్తకంలో చూశాను. దురద పుట్టించేది పేను ఎంగిలి, అది మన ఒంటికి పడదు. ఈపి పగలటానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే పర్మెత్రిన్ 1 శాతం మందు పట్టించి, 10 నిమిషాలుంచి కడిగి, 9 రోజులకి మళ్లీ పట్టించాలి. పేలున్న వాళ్లందరికీ ఒకేరోజు చెయ్యాలి. చీము పడితే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోజూ తలంటుకునే తలకైనా పేను ఎక్కుతుంది.

ఇప్పుడు హాస్టళ్లలో మన ఆడపిల్లల తలలు చూస్తున్నాను. పేలున్నాయని గుండు గీయించబోయే వార్డెన్లతో తగాదా పడుతున్నాను. ఒక్కో మంచానికి ఇద్దర్ని పడుకోబెట్టి, తలలు ఆనించి, మళ్లీ పిల్లల్నే అంటారా? మందు తెప్పించండి. పిల్లకో మంచం, పిల్లకో దువ్వెన, తలంటుకునే నీళ్లు ఇయ్యండి. జుట్టు జోలికి రాబాకండి. అది మా పిల్లలది.