జుట్టు నాటించుకుంటే నొప్పి ఉంటుందా?

"బట్టతల మీద వెంట్రుకలు నాటించుకుంటే బాగా నొప్పి పుడుతుందటగా డాక్టరుగారూ?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒకప్పుడైతే నవ్వి, "నాలుగు వెంట్రుకల కోసం ఎందుకొచ్చిన బాధ నాయనా!" అనేవాణ్ణి. ఆ మాట మా మేనల్లుడితో కూడా అన్నాను. దాని ఫలితం చూశాక నవ్వడం మానేశాను. అదేమిటో తర్వాత చెబుతాను. ముందు మీ ప్రశ్నకు జవాబు.

తల వెనకభాగంలో ఉండే వెంట్రుకలు బట్టతల వచ్చినవాళ్ళకు కూడా సాధారణంగా నిలిచే ఉంటాయి. వాటిని కుదుళ్ళతో సహా తీసి ముందు నాటితే అక్కడా తమ గుణం మార్చుకోవు. న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ఈ సంగతి ప్రకటించాడు. ఆ రోజుల్లో నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున చర్మపు ముక్కలు తీసేవారు. ఇప్పుడు సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుండే పరికరంతో ఒక్కొక్క కుదురే తీస్తున్నారు. లేదా సన్నని చర్మపు పట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీలోంచి కుదుళ్ళు విడదీస్తున్నారు.

సాధారణంగా దీనికి మనిషికి పూర్తిగా మత్తు ఇవ్వరు. తలకు మాత్రమే ఇస్తారు. మాడు మీద చర్మంలో నరాలు జాస్తి. అందుచేత మొదటి మత్తుసూదులు చురుక్కుమంటాయి, మందు ఎక్కేటప్పుడు మంట పుడుతుంది. చాలామందికి ఆపరేషను మొత్తంలో అసలు నొప్పి అదే. సన్నని సూదితో నెమ్మదిగా ఎక్కిస్తే అదీ తగ్గుతుంది. ఆ తర్వాత చెయ్యి తగలడం తెలుస్తుందిగాని నొప్పి తెలియదు. గంటల తరబడి కదలకుండా ఉండాలి గనుక మెడ, నడుము పీకుతాయి. మధ్యలో నొప్పి తెలిస్తే ఓర్చుకోకండి, చెప్పండి.

అయితే మత్తుమందుకు ఒక హద్దుంది. లిగ్నోకెయిన్ ఒంటరిగా ఇస్తే మనిషి బరువులో కిలోకు 4.5 మిల్లీగ్రాములు, ఎడ్రినలిన్ కలిపి ఇస్తే 7 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 60 కిలోల మనిషికి 270, 420 అన్నమాట. మోతాదు మించితే నోటిచుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, మాట తడబాటు మొదలవుతాయి. ముదిరితే ఫిట్సు రావచ్చు, గుండె ఆగవచ్చు. అంచేత సూది పట్టుకున్నది ఎవరో అడిగి తెలుసుకోవడం మీ హక్కు. వర్కుషాపుల్లోనో, యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది ఈ పనికి చాలదని జాతీయ వైద్య కమిషను 2022లో స్పష్టంగా చెప్పింది.

ఇంటికొచ్చాక మొదటి రెండు మూడు రోజులు తల సలుపుతుంది. మామూలుగా పారాసిటమాల్‌తో సర్దుకుంటుంది. కుట్లు వేసినవాళ్ళకు తల వెనక బిగదీసినట్లుంటుంది. నుదుటికి, కళ్ళచుట్టూ వాపు దిగి, వారం లోపల తీస్తుంది. దురద పుడుతుంది, గోకకూడదు. పక్కులు సుమారు పదిరోజుల్లో రాలిపోతాయి. తల వెనక మొద్దుబారినట్లుండడం కొన్ని వారాలు, ఒక్కొక్కరికి నెలలు ఉంటుంది. నాటిన వెంట్రుకలు మొదటి నెలలో రాలిపోతే గాబరాపడకండి. మూడు నాలుగు నెలలకు మళ్ళీ మొలుస్తాయి. పూర్తి ఫలితం తెలియడానికి సంవత్సరం పడుతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ నొప్పి రోజురోజుకూ తగ్గాలి. మూడోరోజు దాటాక పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కారినా, చర్మం నల్లబడినా అదేరోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మధుమేహం ఉన్నవాళ్ళు, సిగరెట్లు కాల్చేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇక మా మేనల్లుడి సంగతి. పెళ్ళిచూపుల్లో రెండు సంబంధాలు తప్పిపోయాక, ఎవరికీ చెప్పకుండా జుట్టు నాటించుకున్నాడు. తలకు టోపీ పెట్టుకుని స్నేహితుడి గదిలో ఉన్నాడు. నాలుగోరోజు నుంచి నొప్పి ఎక్కువైతే, మందులషాపులో బిళ్ళలు కొని మింగాడు. ఏడోరోజున 102 డిగ్రీల జ్వరంతో మా అక్కయ్య వాణ్ణి తీసుకొచ్చింది. తల వెనక పక్కుల కింద చీము పట్టింది. చీము తీసి, యాంటీబయాటిక్సు ఇస్తే తగ్గింది. అయితే అక్కడ రూపాయి బిళ్ళంత మేర జుట్టు మొలవలేదు.

"నాలుగోరోజే ఫోను చెయ్యలేకపోయావట్రా?" అని కోప్పడ్డాను.

"మీరు నవ్వుతారని చెప్పలేదు మామయ్యా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు వైద్యం చేసినవాడికి ఆ మాట మత్తుసూది కన్నా గట్టిగా తగిలింది. తల్లులూ, తండ్రులూ, మేనమామలూ! జుట్టు నాటించుకోమని నేను చెప్పడంలేదు. ఆ ఖర్చు, ఆ నిర్ణయం వాళ్ళవి. కాని మన ఎగతాళికి భయపడి పిల్లలు నొప్పిని దాచుకునే పరిస్థితి మాత్రం తేవద్దు.